అయ్యగారు నాకు ఐదో మాట ఇచ్చారు

తమ్ముణ్ణి సమాధి చేసిన రోజు మైకు వాడి షాపు నుంచే వచ్చింది. పెళ్లిళ్లకైనా, కూటాలకైనా, క్రిస్మస్‌కైనా మా ఊళ్లో మైక్ సెట్ అంటే వాడిదే. వాడి దగ్గర పనిచేసే కుర్రాడు ఏడుస్తూనే వైర్లు లాగాడు, ఏడుస్తూనే "హలో, చెక్, చెక్" అన్నాడు. అది 2023 ఫిబ్రవరి 12, ఆదివారం. ఉదయం ఆరాధన అయ్యాక గుడి మొత్తం మా వాకిట్లోకే వచ్చింది. తెనాలి దగ్గర పల్లె మాది. మా ఊళ్లో చర్చిని గుడి అనే అంటాం, పాస్టర్‌ని అయ్యగారు అంటాం.

అమ్మ పెట్టె పక్కన కూర్చుని శోకం పెట్టింది. మా వైపు ముసలివాళ్ల శోకం విన్నవాళ్లకు తెలుస్తుంది, అది ఊరికే ఏడవడం కాదు. దానికో రాగం ఉంటుంది. ప్రతి వరసా "నా తండ్రో" అని ఆగుతుంది, అక్కడ ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంటారు. పోయినవాడి కథంతా అందులోనే చెబుతారు. తొంభైలో తుపాను వచ్చినప్పుడు వాణ్ణి భుజాన వేసుకుని బడి అరుగెక్కిన సంగతి చెప్పింది. మొదటి ఆంప్లిఫైయర్ కొనడానికి గేదెను అమ్మిన సంగతి చెప్పింది. తర్వాత, "గుక్కెడు నీళ్లడిగితే గ్లాసు దాచానయ్యా, నా తండ్రో..." అంది.

సరిగ్గా అక్కడ సంఘపెద్ద ఒకాయన మైకు తీసుకున్నాడు. "అమ్మా, నిరీక్షణ లేనివాళ్లలాగా ఏడవకూడదు. మన సాక్ష్యం పోతుంది. పాట అందుకోండి" అన్నాడు. నిరీక్షణ అంటే పునరుత్థానం మీద ఆశ. పాట అందుకున్నారు. అమ్మ చెప్పబోయే మాట నోట్లోనే ఉండిపోయింది. కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముడి మైకులోంచే, వాడు చచ్చేంత ఇష్టపడి కొన్న బాక్సుల్లోంచే వాళ్లమ్మను ఊరుకోమన్నారు.

ఆయన చెడ్డవాడేం కాదు. ఆస్పత్రి నుంచి వ్యాన్ మాట్లాడింది ఆయనే, డబ్బులు కూడా పుచ్చుకోలేదు. అయినా ఆ క్షణం నాలో ఏదో మూసుకుపోయింది. తర్వాత దాదాపు రెండు నెలలు ప్రార్థన రాలేదు. ఆ రెండు నెలల గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. తమ్ముడి జబ్బు మొదట చూసింది నేనే. 2021 నవంబర్‌లో తలనొప్పి, కాళ్ల వాపు అంటే నేనే రక్తం తీశాను. క్రియాటినిన్ 9.4 వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, కిడ్నీలు పాడైతే పెరిగే లెక్క అది, మామూలుగా ఒకటి దగ్గర ఉండాలి. మిషన్ తప్పేమోనని మళ్లీ వేశాను. 9.6. వాడు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో పెళ్లికి లైటింగ్ బేరం ఆడుతున్నాడు. ఎన్నాళ్ల నుంచి బీపీ ఉందో ఎవరికీ తెలియదు, వాడు ఏనాడూ చూపించుకోలేదు. తలనొప్పి వస్తే కిళ్లీ కొట్టులో దొరికే మాత్ర మింగి స్టేజి కట్టడానికి పోయేవాడు.

నా ప్రార్థన ఆ రోజు నుంచి నంబర్ల మీదకు పోయింది. "తండ్రీ, పొటాషియం ఐదున్నర దాటనివ్వకు." "తండ్రీ, హిమోగ్లోబిన్ తొమ్మిదికైనా తీసుకురా." పరలోకానికి ల్యాబ్ రిపోర్టు పంపుతున్నట్టు ఉండేది. దేవుడికి యూనిట్లు కూడా చెప్పేదాన్ని. నవ్వొస్తుంది ఇప్పుడు.

డయాలసిస్ మొదట వారానికి రెండుసార్లు, తర్వాత మూడుసార్లు. కార్డు మీద ఉచితంగానే జరిగేది, పదివేల పింఛను కూడా వచ్చేది, ఆ విషయంలో ఎవరినీ ఒక్క మాట అనను. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేశారు. అక్కడ వేలు పెడితే లోపల రక్తం జుమ్మని తగులుతుంది. వాడి కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. "నాన్న చేతిలో తుమ్మెద ఉంది" అని బడిలో పిల్లలందరికీ చెప్పాడు. ముట్టుకుని చూడటానికి ఒక్కోసారి నలుగురైదుగురు వచ్చేవాళ్లు. తమ్ముడు చొక్కా చేయి మడిచి వాళ్లను వరసలో నిలబెట్టేవాడు.

అన్నిటికంటే కష్టమైంది నీళ్లు. కిడ్నీలు పనిచేయని మనిషి తాగినదంతా ఒంట్లోనే ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి కూడా చేరుతుంది. డాక్టరు రోజుకు ఎనిమిది వందల మిల్లీలీటర్లు అన్నారు. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ అందులోనే. అమ్మ పావులీటరు స్టీలు గ్లాసు ఒకటి పక్కన పెట్టుకుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి ఒకటి. బిందె మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది. మే నెల ఎండలో వాడు ఐస్ ముక్క చప్పరించేవాడు. ఒక్కోసారి నీళ్లు పుక్కిలించి, మింగకుండా ఊసేవాడు. ఇంటి ముందే కొబ్బరిచెట్టు, బోండాం మాత్రం ముట్టకూడదు, పొటాషియం. "అక్కా, రాత్రి కలలో కాలవ మొత్తం తాగేశాను. పొద్దున తూకం పెరిగిందేమోనని భయపడ్డా" అని నవ్వాడు ఒకసారి.

సంఘం మాకోసం ప్రార్థన చేయలేదని అనను. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వాడి పేరు ఎత్తేవాళ్లు. స్త్రీల సమాజం వాళ్లు ముప్పై రోజులు వంతులు వేసుకుని తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేశారు. వాళ్లలో ఒకామె తన కిడ్నీ ఇస్తానని కూడా అడిగింది, ఆవిడకి అరవై ఆరేళ్లు, షుగరు. అలాంటి ప్రేమ చూశాను కాబట్టే తర్వాత జరిగింది ఇంకా నొప్పి పెట్టింది.

ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన మా ఇంటికి ప్రార్థనకు వచ్చి, కళ్లు మూసుకుని, "ఈ ఇంట్లో ఎవరో దాచిన పాపం ఉంది, అది బయటపడేదాకా స్వస్థత రాదు" అన్నాడు. కానుక తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మకు మాత్రం నిద్ర పట్టలేదు. మూడో రోజు రాత్రి నన్ను లేపింది. "అమ్మాయ్, ఒకటి గుర్తొచ్చింది. పక్కింటి కోడి మన గంపలో గుడ్లు పెట్టేది. నాలుగైదు రోజులు వండుకున్నాం. ఆవిడకి చెప్పలేదు." ఇది ఎప్పటి సంగతి? నేను ఆరో తరగతి. తెల్లారి అమ్మ డజను గుడ్లు పట్టుకుని పక్కింటికి వెళ్లింది. ఆ పిన్ని తెల్లబోయి, విషయం తెలిశాక అమ్మను పట్టుకుని బావురుమంది. గుడ్లు తీసుకోలేదు.

యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు ఇదే అడుగుతారు, ఎవరు పాపం చేశారని. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అంటాడు ప్రభువు. ఆదివారం బడిలో పిల్లలకు నేనే ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. ఆ పెద్దమనిషి మా ఇంట్లో కూర్చున్నప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. కాఫీ కూడా ఇచ్చాను.

చివరి రెండు రోజులూ ఆస్పత్రి వార్డులోనే. ఇన్ఫెక్షన్ వచ్చింది, బీపీ పడిపోతోంది. నీళ్లు అడుగుతున్నాడు. అమ్మ దూది తడిపి పెదాలకు అద్దుతోంది. "ఇంకొంచెం" అంటాడు, అమ్మ నా వైపు చూస్తుంది, నేను తల అడ్డంగా ఊపుతాను. ఎందుకు ఊపాను? ఇంకో గుక్కెడు పోస్తే ఏమయ్యేది? టెక్నీషియన్‌ని కదా, అప్పటికే నాకు సగం తెలుసు. అయినా ఊపాను. శనివారం తెల్లవారుజామున పోయాడు.

అందుకే అమ్మ శోకంలో ఆ గ్లాసు మాట వచ్చింది. అది ఎవరితో చెప్పుకుందో, కొడుకుతోనో దేవుడితోనో, నాకు తెలియదు. పాట అందుకోండి అనేసరికి ఆగిపోయింది.

తర్వాత పదకొండో రోజున ఆదరణ కూడిక పెట్టారు. "దేవుడికి మంచి పువ్వులే కావాలి" అన్నారు. "మనకంటే ఆయనే ఎక్కువ ప్రేమించాడు" అన్నారు. బైబిల్లో ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకున్న యోబు మాట, "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను", కనీసం ఐదుగురు చెప్పారు. ఆ మాట యోబు తనకు తాను చెప్పుకున్నాడు. పిల్లలు పోయిన ఇంటికి వెళ్లి పక్కవాడితో చెప్పలేదు. పైగా అది మొదటి అధ్యాయం. మూడో అధ్యాయానికి వచ్చేసరికి తాను పుట్టిన దినాన్నే శపిస్తాడు. ఆదరణ కూడికల్లో మూడో అధ్యాయం చదవగా నేనెప్పుడూ వినలేదు.

యోబు స్నేహితులను మనం తిట్టుకుంటాం గానీ, మొదట వాళ్లు చేసిన పని మంచిదే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. ఆ తర్వాత నోరు తెరిచాకే చెడింది.

నాకు ప్రార్థన రావడం మానేసింది అన్నాను కదా. మోకాళ్లు వేసేదాన్ని. "ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఘనమైన నీ నామమునకు వందనాలు" దాకా అలవాటుగా నోరు పలికేది. ఆ తర్వాత ఏమీ లేదు. నంబర్లు లేవు, అడగాల్సింది లేదు. వందనాలు అన్న మాట కూడా అబద్ధంలా అనిపించి, కొన్నాళ్లకు మోకాళ్లు వేయడమే మానేశాను. డ్యూటీకి వెళ్లి వేరేవాళ్ల క్రియాటినిన్లు చూసేదాన్ని. ఎక్కువ వస్తే బాత్రూమ్‌లోకి వెళ్లి వచ్చేదాన్ని.

బంధువులందరూ వెళ్లిపోయాక, మరదలు పిల్లాణ్ణి తీసుకుని పదిరోజులకని పుట్టింటికి వెళ్లాక, ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. ఒక రాత్రి కరెంటు పోయింది. ఫోన్ లైటు వేసుకుని ఊరికే బైబిల్ తిప్పుతుంటే 88వ కీర్తన దగ్గర ఆగాను. కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. ఎంత ఏడుపుతో మొదలైనా ఎక్కువ భాగం చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది మాత్రం తిరగదు. పగలూ రాత్రీ మొరపెట్టాను, ఎందుకు నన్ను విడిచిపెట్టావు, ఎందుకు ముఖం దాచుకున్నావు అని అడుగుతూనే పోతుంది. ఆఖరి మాట: "చీకటియే నాకు బంధువర్గమాయెను."

తెలుగు బైబిల్‌లో ఆ 'బంధువర్గం' అన్న మాట పెట్టినవాళ్లకు చావు ఇల్లు తెలుసు అనుకున్నాను. షామియానా తీసేసి, కుర్చీలు లెక్కపెట్టి ఆటోకి ఎక్కించాక, ఆ ఇంట్లో ఇంకా కూర్చుని ఉండే చుట్టం ఎవరో వాళ్లకు తెలుసు. పైకి చదివాను. అమ్మ పక్క మంచం మీద నుంచి "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను. ఆమేన్ అనలేదు. కీర్తనలోనే ఆమేన్ లేదు కదా.

అక్కడ నుంచి వెతకడం మొదలైంది. 56వ కీర్తనలో కన్నీళ్లు దేవుడి బుడ్డిలో ఉన్నాయని, ఆయన కవిలెలో ఉన్నాయని రాసి ఉంది. కవిలె అంటే వెనకటి కరణాలు రాసుకునే లెక్కల కట్ట. ఏ పొలం ఎవరిదో, ఎవరు ఎంత శిస్తు బాకీయో అన్నీ అందులోనే. మా అమ్మ ఆపేసిన శోకం కూడా ఆ కట్టలో ఎక్కడో ఒక వరసగా ఉండి ఉంటుందా అనుకున్నాను.

యిర్మీయా తొమ్మిదో అధ్యాయం చూశాక మాత్రం మంచం మీద లేచి కూర్చున్నాను. రోదనం చేసే స్త్రీలను వెతికి పిలిపించండి అని సాక్షాత్తు యెహోవా చెబుతున్నాడు. త్వరగా వచ్చి మన కోసం రోదనం చేయమనండి, మన కళ్లు నీళ్లు కార్చాలి అని. ఇంకా కిందకి వస్తే, మీ కూతుళ్లకు నేర్పండి, ఒకరికొకరు "అంగలార్పు విద్య" నేర్పుకోండి అని ఉంది. విద్య! మైకు పట్టుకుని ఆపించింది ఆ విద్యనే. సంఘపెద్ద చెప్పిన థెస్సలొనీకయుల వచనం కూడా తీసి చూశాను. నిరీక్షణ లేని ఇతరుల్లాగా దుఃఖపడొద్దని ఉంది. దుఃఖపడొద్దని లేదు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు విడిచాడు, అదీ ఇంకాసేపట్లో అతణ్ణి బతికించి లేపబోతూ.

మాది లూథరన్ గుడి, ఐదు వందల ఏళ్ల కిందటి జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ పేరు మీద వచ్చిన శాఖ. లూథర్ కూతురు మాగ్డలీనా 1542లో పదమూడేళ్లకే చనిపోయిందని నలభై ఒక్క ఏళ్లు వచ్చాకగానీ నాకు తెలియలేదు, మా గుడిలో రిటైరైన మాస్టారు ఒకాయన చెప్పారు. ఆ పిల్ల మంచి చోటికి వెళ్లింది, మేం సంతోషంగా కృతజ్ఞతలు చెప్పాలి, కానీ ఏడుపూ మూలుగూ లేకుండా మా వల్ల కావడం లేదని స్నేహితుడికి ఉత్తరం రాశాడట. ప్రతి అక్టోబరులో సంస్కరణ పండగ చేస్తాం, ఆయన చర్చి తలుపుకు కొట్టాడని చెప్పే 95 అంశాల గురించి వింటాం. ఈ ఉత్తరం గురించి ఒక్కసారైనా చెప్పి ఉంటే ఆ సంఘపెద్ద మైకు తీసుకునేవాడు కాదేమో.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం మొదలైంది. దానికి తొలి రోజైన బూడిద బుధవారం ఆ ఏడు ఫిబ్రవరి 22న వచ్చింది, మేం అప్పటికే బూడిదలో ఉన్నాం. మార్చి ఆఖర్లో అయ్యగారు ఇంటికి వచ్చారు. మంచి శుక్రవారం ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి చెప్పడానికి ఏడుగురిని వేస్తారు కదా, అందులో ఐదో మాట చెప్పాల్సిన ఆయన ఊరెళ్తున్నాడట. "అమ్మా, మీరు చెబుతారా?" అన్నారు. ఐదో మాట ఏదో ఆ క్షణం ఆయనకు తట్టినట్టు లేదు. నేనూ సరే అనేశాను. ఆయన వెళ్లాక వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. క్షమించుము. పరదైసు. అమ్మా, యిదిగో నీ కుమారుడు. ఏలీ, ఏలీ. ఐదోది, "నేను దప్పిగొనుచున్నాను."

వద్దని ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాను. వారం రోజులు ఏమీ రాసుకోలేదు. అమ్మకు మాత్రం చెప్పాను. అమ్మ చాలాసేపు ఊరుకుని, "ఆయనకీ నీళ్లు ఇవ్వలేదు కదా" అంది. ఇవ్వలేదు. స్పంజీని చిరకలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, ముంచి పుడకకు తగిలించి అందించారు. వాళ్లమ్మ ఆ కిందే నిలబడి ఉంది.

ఏప్రిల్ 7. పన్నెండింటికి ఆరాధన మొదలైంది. అందరూ తెల్లబట్టలు. ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. మైకు తమ్ముడి షాపుదే, కుర్రాడే పెట్టాడు, ఈసారి చెక్ చెక్ అనలేదు, వేలితో తట్టి చూసుకున్నాడు. మూడో మాటకు అమ్మ ఏమవుతుందోనని నాకు టెన్షన్. తల వంచుకుని చాప పుల్లలు లాగుతూ కూర్చుంది. నాలుగో మాట మాస్టారు చెప్పారు. ఐదో మాటకు నన్ను పిలిచారు.

పదిహేను నిమిషాలు మాట్లాడాలి. నేను నాలుగు నిమిషాలకంటే ఎక్కువ మాట్లాడి ఉండను. పావులీటరు గ్లాసు గురించి చెప్పాను. బిందె మీద రాయి గురించి చెప్పాను. దూది గురించి చెప్పి, నేను తల అడ్డంగా ఊపిన సంగతి చెప్పాను. అప్పటిదాకా అది ఎవరికీ చెప్పలేదు, అమ్మతో కూడా ఎత్తలేదు. ఆఖర్న ప్రార్థన చేయాలి. కళ్లు మూసుకుని, "ప్రభువా, మా వాడికి దాహం వేసింది. మేం ఇవ్వలేదు. నువ్వూ ఇవ్వలేదు" అన్నాను. అంతే వచ్చింది. వందనాలు లేవు. 'అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ' కూడా లేదు. రెండు నెలల తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన అది.

గుడిలో చప్పుడు లేదు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ అందుకుంది. "గుక్కెడు నీళ్లడిగితే గ్లాసు దాచానయ్యా, నా తండ్రో..." సరిగ్గా ఆ రోజు ఆగిన వరస దగ్గర నుంచే. మా పక్కింటి పిన్ని కూడా గొంతు కలిపింది. ఆవిడ కొడుకు పోయి పన్నెండేళ్లు. ఇంకెవరో కలిశారు. సంఘపెద్ద ముందు వరసలోనే ఉన్నాడు. ఆయన లేవలేదు. అయ్యగారు ఆరో మాట ఆయనను పిలవకుండా బల్ల పక్కన నిలబడి ఉండిపోయారు. ఎంతసేపో నేను చూడలేదు. ఆ రోజు ఆరాధన మూడింటికి కాదు, నాలుగు దాటాక అయింది.

తర్వాత ఏదో మారిపోయిందని అనుకోకండి. సంఘపెద్ద ఇప్పటికీ చావు ఇళ్లలో ఆ వచనమే చదువుతాడు, అయితే మా ఇంటికి వచ్చినప్పుడు చదవడు. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల దొడ్డికి కొవ్వొత్తులతో వెళ్లారు, మేమూ వెళ్లాం. వాడిది ఇంకా మట్టి దిబ్బే, మట్టి కిందకి దిగిన తర్వాతగానీ సమాధి కట్టుబడి మొదలుపెట్టరు. పునరుత్థానం ఉందని నేను నమ్ముతాను. నమ్ముతూనే ఆ దిబ్బ దగ్గర నిలబడటం కష్టంగా ఉంది. రోమా పత్రికలో రాసిన 'ఉచ్చరింపశక్యము కాని మూలుగులు' ఏమిటో ఇప్పుడు కొంచెం తెలుసు.

అమ్మకు డెబ్బై దాటాయి. రాత్రి ప్రార్థన పైకే చేస్తుంది, పక్క గదిలోకి వినిపిస్తుంది. మనవడి చదువు, మరదలి కుట్టుమిషన్, నా మోకాళ్ల నొప్పి అన్నీ అప్పగిస్తుంది. చివర్లో ప్రతి రాత్రీ ఒకటే అడుగుతుంది, "ఎందుకయ్యా తీసుకుపోయావు? చెప్పవు కదా." కాసేపు ఆగుతుంది. ఆమేన్ అని, మంచం కింద చెంబు తీసి నిండా నీళ్లు తాగి, దుప్పటి కప్పుకుంటుంది.